కెప్టెన్ ఏ కాలు కుంటుతాడు?

మా ఆయనకు పేరు తెచ్చింది ఆయన ఎడమ కాలు. దానికి ఏ లోపమూ లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

మా పెళ్లికి ముందు మాట. సముద్రపు దొంగల సినిమా ఒకటి తీస్తూ ఆయనకు ఓడ కెప్టెన్ వేషం ఇచ్చారు. మొదటి రోజు తెచ్చిన బూట్లు రెండూ వేర్వేరు జతల్లోవి. కుడిది సరిపోయింది, ఎడమది బిగుతు. కొత్త నటుడు, నోరు విప్పి చెప్పడానికి మొహమాటం. కాలి వేళ్లు ముడుచుకుని, ఎడమ కాలు ఈడ్చుకుంటూ, కుడి కంటికి నల్లగుడ్డతో, ఓడకూ రేవుకూ మధ్య వేసిన ఏటవాలు చెక్క మీద నుంచి దిగి వచ్చారు. దర్శకుడు పెద్దాయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, "ఆ నడక అలాగే ఉంచు," అన్నారట. సాయంత్రానికి బూటు మార్చారు. నడక మారలేదు.

ఆ సినిమా ఇప్పటికీ టీవీలో వస్తూనే ఉంటుంది. ఆ తర్వాత ఈయనకు దొరికినవి తండ్రి వేషాలు, జడ్జి వేషాలు, అన్నీ కూర్చుని చేసేవి. కానీ పెళ్లిళ్లలో, ఆసుపత్రి వరండాల్లో, రైలు పెట్టెల్లో జనం అడిగేది ఒకటే. "కెప్టెన్ గారూ, ఒక్కసారి నడిచి చూపించండి." ఈయన ముందు వద్దంటారు. తర్వాత లేచి నడుస్తారు. ఇంటికొచ్చాక విసుక్కుంటారు. ఆ విసుగు వినడం నా వంతు.

ఎడమ కాలు ఈడ్చాలంటే ఒంటి బరువంతా కుడి కాలు మొయ్యాలి. అన్నేళ్లూ ఆ సంగతి ఎవరికీ తట్టలేదు, నాకూ తట్టలేదు. మోకాలి డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకి పట్టుకుని, "మీరు ఏం పని చేసేవారండీ?" అని అడిగితే, ఈయన "ఓడ నడిపేవాణ్ణి," అన్నారు. డాక్టరు నవ్వాడు. నేను ఎక్స్‌రే వైపే చూస్తున్నాను. కుడి మోకాలు అరిగిపోయింది.

అప్పటినుంచి ఇంట్లో కుడి కాలు కుంటుతారు, బయట ఎవరైనా అడిగితే ఎడమ కాలు కుంటుతారు. రెండూ వంతులు వేసుకున్నట్టు ఉండేది.

అలాంటి రోజుల్లో పెద్దాయన కూతురు మా ఇంటికొచ్చింది. తండ్రి పోయాక తనే సినిమాలు తీస్తోంది. చిన్నప్పుడు మా ఇంట్లో తిరిగిన పిల్లే, ఈయన్ని బాబాయ్ అంటుంది, నన్ను పిన్ని అంటుంది. పాత సినిమాకు రెండో భాగం తీస్తానంది. ఈసారి నవ్వుల సినిమా. నిధి పాతిపెట్టిన చోటు మరిచిపోయిన ముసలి దొంగలు, ఒకడికి చెవుడు, ఒకడికి కట్టుడు పళ్లు.

"అంతా సరదాగా ఉంటుంది బాబాయ్," అంది. "ఒక్క షాట్ తప్ప. మీరు ఓడ దిగి వచ్చే షాట్ మాత్రం నాన్నగారు తీసినట్టే తీస్తాను. ఆ చెక్క, ఆ నడక. జనం దానికోసమే వస్తారు."

"దానికేముంది," అన్నారు ఈయన.

వంటింట్లోంచి నేను చూస్తున్నాను. ఆ పిల్ల వెళ్లాక, "మోకాలి సంగతి చెప్పరా?" అన్నాను.

"నువ్వు చెప్తావా?"

"అడిగితే చెప్తాను."

ఎవరూ అడగలేదు.

షూటింగు ఒక పెద్ద రేకుల షెడ్డులో. సగం ఓడ కట్టారు. కెమెరాకు కనపడే వైపు చెక్క, కనపడని వైపు ఇనప గొట్టాలు, వాటికి ఆరేసిన తువ్వాళ్లు. సముద్రం బదులు నేల మీద ఆకుపచ్చ గుడ్డ పరిచారు. మాటలు రికార్డు చేసేటప్పుడు ఫ్యాన్లు ఆపేస్తారు. ఆపినప్పుడల్లా అందరి ముఖాల మీదా రంగు కరుగుతుంది, ఆ రంగు మళ్లీ అద్దుతారు, అద్దేలోపు వెలుతురు మార్చాలంటారు. పని చేసేవాళ్లకు ఎలా ఉంటుందో గాని, చూసేవాళ్లకు ఇంతకంటే అలసట ఇంకోటి లేదు. నేను ఒక ప్లాస్టిక్ కుర్చీలో ఐసు సంచీ, కట్టుగుడ్డ, నొప్పి మందు పెట్టుకుని కూర్చునేదాన్ని. అందరూ నన్ను పతివ్రత అనుకున్నారు.

మిగతా షాట్లన్నీ గట్టెక్కాయి. ఈయన పీపా మీద కూర్చున్నారు, చుక్కాని పట్టుకుని నిలబడ్డారు, నిధి పటం తలకిందులుగా పట్టుకుని పోట్లాడారు. ఓడ దిగే షాట్ చివరి రోజుకి మిగిలింది. మర్నాడు ఆ షెడ్డులో వేరే సినిమావాళ్ల కోర్టు గది కడతారు కాబట్టి ఆ సాయంత్రానికి ఓడ విప్పేయాలి.

పొద్దున రిహార్సల్ అన్నారు. ఈయన చెక్క పైన నిలబడి, ఎడమ కాలు ఈడ్చి, కుడి కాలి మీద బరువు వేశారు. రెండో అడుగుకే మోకాలు మడత పడింది. కింద ఎదురుచూస్తున్న గరిటె ముందుకు ఉరికి చంకల కింద చేతులు వేసి ఆపాడు.

గరిటె అంటే పాత సినిమాలో ఓడ వంటవాడు. అప్పటినుంచి అదే పేరు. వాళ్ల ఆవిడ కూడా అలాగే పిలుస్తుంది. ఈయన్ని ఒరేయ్ అనే హక్కు లోకంలో అతనొక్కడికే ఉంది.

"ఒరేయ్, దిగమంటే పడతావేంట్రా," అన్నాడు గరిటె. అంటూనే ఈయన ముఖం చూసి, నెమ్మదిగా కింద కూర్చోబెట్టాడు.

డైరెక్టరమ్మాయి పరుగున వచ్చింది. పంట్లాం పైకి లాగి చూస్తే మోకాలు చిన్న గుమ్మడికాయంత ఉంది.

"ఎప్పటినుంచి బాబాయ్ ఇది?"

ఈయన పంట్లాం కిందికి లాక్కున్నారు. ఆ పిల్ల నా వైపు తిరిగింది. "పిన్నీ, మీకు తెలుసా?"

"తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదమ్మా."

ఆ జవాబు నా చెవికే బాగాలేదు. ఆ పిల్ల ఫోను తీసుకుని అవతలికి వెళ్లింది. కాసేపటికి ఒక డూపు వచ్చాడు. దెబ్బలాటలు, దూకుళ్లు వచ్చినప్పుడు హీరోల బదులు చేసేవాడు. ముప్పై ఏళ్లుంటాయేమో, నడుము సన్నం, ఒళ్లంతా స్ప్రింగులు. అతనికి ఈయన కోటు లాంటిదే ఇంకో కోటు, ఇంకో టోపీ తొడిగారు. దూరం నుంచి తీసి, తర్వాత కంప్యూటర్లో ఈయన ముఖం అతికిస్తారట.

డూపు ఓడ ఎక్కి, ఎడమ కాలు ఈడుస్తూ దిగాడు. ఈ నడక అతను చిన్నప్పటినుంచి టీవీలో చూసి, బళ్లో అందరికీ చేసి చూపించేవాడట. అచ్చం ఈయన నడకే. ఇంకా చెప్పాలంటే పాత సినిమాలో ఈయన నడక అది.

"బాగా నడుస్తున్నాడు," అన్నారు ఈయన, ఐసు సంచీ మోకాలి మీద పెట్టుకుని.

"ఊఁ."

"నాకంటే బాగా నడుస్తున్నాడు."

"ఊఁ."

"ఊఁ ఏంటి? కాదనొచ్చుగా."

"బాగా నడుస్తుంటే కాదని ఎలా అంటాను?"

 చెక్క వైపే చూస్తూ అన్నారు. "ఇన్నేళ్లు అడిగినవాడికల్లా నడిచి చూపించాను. చిరాకుపడుతూ నడిచాను, జ్వరంతో నడిచాను. ఇవాళ నిజంగా నడవాల్సిన రోజున ఇంకొకడు నడుస్తాడు. నేను కింద కూర్చుని మొహం అప్పిస్తాను. మొహమే కావాలంటే ఫోటో పంపించేవాణ్ణిగా."

 కింద కూర్చుని, ఆయన పాదం నా ఒళ్లో పెట్టుకుని, కట్టు విప్పి మళ్లీ కట్టాను. చేతులకు ఏదో పని కావాలి గనక కట్టాను, పాత కట్టూ బాగానే ఉంది.

ఈయన లేచి నీళ్ల కుండ వైపు వెళ్లారు. సహజంగా, నొప్పి ఉన్న కుడి కాలు ఈడ్చుకుంటూ. మేకప్ బల్ల ముందు నుంచి పోతుంటే అమ్మాయి అక్కడే నిలబడి ఉంది. అద్దంలోకి చూసింది. మళ్లీ మనిషిని చూసింది. మళ్లీ అద్దం చూసింది.

"బాబాయ్, వెనక్కి రండి. ఇందాకటిలాగే."

"నీళ్లు తాగనీ తల్లీ."

"తాగండి. తాగి రండి."

అద్దంలో ఈయన కుంటుతున్నది ఎడమ కాలు. సంగతి ఇంతే. ఈయన తన కుడి కాలే ఈడుస్తూ దిగుతారు. తీసిన బొమ్మను అద్దంలోలా అటుది ఇటు తిప్పేస్తారు. తెర మీద ఎడమ కాలవుతుంది. పాతకాలంలో ఫిల్ము తిరగేసేవారు, ఇప్పుడు ఒక మీట నొక్కితే చాలట.

"మరి కన్నో?" అన్నాను.

అందరూ నా వైపు చూశారు.

"బొమ్మ తిప్పితే కుడి కంటి గుడ్డ ఎడమ కంటికి పోదూ?"

"దాన్ని ఎడమ కంటికి కడదాం పిన్నీ. తిప్పితే కుడికొస్తుంది."

"కత్తి?"

"కుడి నడుముకి."

"కోటు గుండీలు?"

ఆ మాటకు కాస్ట్యూమ్ మాస్టారు నా వంక చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. "అమ్మా, గుండీలు ఎవరు చూస్తారమ్మా," అన్నాడు.

"నేను చూస్తాను," అన్నాను.

మాస్టారు నిట్టూర్చి సూది తీశాడు. నేనూ ఒక సూది తీసుకున్నాను. ఇద్దరం ఓడ నీడలో కూర్చుని ఇత్తడి గుండీలు ఊడదీసి అవతలి అంచుకి కుట్టాం. కాజాలు ఉన్న అంచు పైకి రాకుండా లోపల కొక్కేలు పెట్టాం. మాస్టారు పని చేస్తూనే సణుగుతున్నాడు. "అత్త మీద కోపం దుత్త మీద అని, మోకాలి నొప్పి కోటు మీద చూపిస్తున్నారు." నేను నవ్వితే అతనూ నవ్వాడు. చివరి గుండీకి వచ్చేసరికి ఇద్దరికీ మెడలు పట్టేశాయి.

మిగిలినవీ ఒక్కొక్కటే మారాయి. టోపీకి ఈక అటు పక్కకు గుచ్చారు. చెంప మీది గాటు చెరిపి రెండో చెంప మీద గీశారు. ఓడ పేరు రాసిన చెక్క తిరగబడితే అక్షరాలు తలోదారి పడతాయని దాన్ని పీకేసి వల కప్పారు. జెండా జోలికి పోలేదు, పుర్రెకు కుడి ఎడమల పట్టింపు లేదు. చిలక మాత్రం ఎటు కూర్చోమంటే అటు కూర్చుంటుందన్నారు. అది కంప్యూటర్లో పుట్టిన చిలక.

గరిటె తన కట్టుడు పళ్లు తీసి చూసుకుంటూ, "చెల్లెమ్మా, ఇవి కూడా తిరగేసి పెట్టుకోవాలా?" అని అడిగాడు.

"మీరు నోరు మూసుకుంటే ఆ అవసరం రాదన్నయ్యా."

మధ్యాహ్నం గడిచిపోయింది. షెడ్డు అవతల కోర్టు గది తాలూకు బల్లలు, బోను దిగుతున్నాయి. వాటిని మోసేవాళ్లు అప్పుడప్పుడూ తలుపులోంచి తొంగి చూసి, ఓడ ఇంకా ఉందే అన్నట్టు ముఖం పెట్టి పోతున్నారు. డూపు కోటు విప్పకుండా ఒక మూల కూర్చున్నాడు. అవసరం పడొచ్చు కాబట్టి విప్పొద్దన్నారట. చెమటలు కారుతున్నాయి పాపం.

అమ్మాయి ఈయన దగ్గరికొచ్చి మోకాళ్ల మీద కూర్చుంది. "బాబాయ్, ఒక్కసారే. పడితే అతనితో కానిచ్చేస్తాను. మళ్లీ మిమ్మల్ని ఎక్కించను."

"ఒక్కసారి చాలు."

"ఏ కాలు?"

"కుడి కాలు. ఇంట్లో రోజూ కుంటేదేగా. దీనికి నటనెందుకు?"

ఇద్దరు పట్టుకుని ఓడ ఎక్కించారు. నేను కెమెరా వెనక నిలబడ్డాను. ఫ్యాన్లు ఆగాయి. గరిటె చెక్క కింద నిలబడి రెండు చేతులూ చాచాడు. ఆ చాచడం పాత్ర కోసమా, పడితే పట్టుకోడానికా అన్నది నాకు తెలియలేదు.

అమ్మాయి, "యాక్షన్," అంది.

ఈయన భుజాలు పైకి లేచాయి. గడ్డం కాస్త పక్కకు తిరిగింది. నేను పెళ్లికి ముందు సినిమా హాల్లో చూసిన మనిషి ఆ చెక్క మీద నిలబడ్డాడు. అడుగు వేశారు.

 ఈడుస్తున్నది ఎడమ కాలు.

పక్కన కాస్ట్యూమ్ మాస్టారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అమ్మాయి "కట్" అనబోయి ఆగింది. ఈయనకేమీ తెలియదు. ఎడమ కాలు ఈడుస్తున్నారు, బరువంతా ఆ చెడిపోయిన కుడి మోకాలి మీద వేస్తున్నారు, మోకాలు మడత పడబోతోంది, దాన్ని నిలబెట్టి మళ్లీ అడుగు వేస్తున్నారు. ఎంతమంది అడిగితే అన్నిసార్లు నడిచిన నడక. యాక్షన్ అనే మాట చెవిన పడితే ఒంటికి తెలిసిన దారి అదొక్కటే. పొద్దుటినుంచి మేమందరం కన్ను మార్చాం, కత్తి మార్చాం, గుండీలు మార్చాం. మనిషిని మార్చడం మర్చిపోయాం.

చెక్క చివరిదాకా వచ్చారు. గరిటె చేతుల్లోకి రాకుండా, అతని ముందు ఆగి, ఒంటికన్నుతో పైనుంచి కిందికి చూశారు. పాత సినిమాలో చూసినట్టే.

"కట్," అంది అమ్మాయి. 

అప్పుడు కూలబడ్డారు. గరిటె పట్టుకుని పీపా మీద కూర్చోబెట్టాడు. నేను ఐసు సంచీతో వెళ్లేసరికి ఈయన ముఖంలో, చెమటలోంచి, ఒక తృప్తి.

"చూశావా? నొప్పి ఉన్న కాలే కుంటితే ఎంత సులువో," అన్నారు.

 గరిటె తన బూట్ల వైపు చూసుకుంటున్నాడు. అమ్మాయి తెర దగ్గరే ఉండిపోయింది. ఇక చెప్పేది నేనే.

"మీరు కుంటింది ఎడమ కాలు."

"కాదు."

"ఎడమ కాలే."

"నేను కుడికాలే కదా..." అని తన కాళ్ల వైపు చూసుకున్నారు, అవేవో తనకు తెలియకుండా వెళ్లొచ్చినట్టు. తర్వాత మోకాలి మీద చెయ్యి వేసుకున్నారు. నొప్పి అప్పుడు తెలిసింది కాబోలు. "అందుకా ఇంత చచ్చాను," అన్నారు.

అమ్మాయి తెరను ఇటు తిప్పి చూపించింది. నడక ఉన్నదున్నట్టు అద్భుతంగా ఉంది, కానీ నల్లగుడ్డ ఎడమ కంటికి ఉంది, కత్తి కుడి నడుముకి ఉంది. మీట నొక్కింది. ఇప్పుడు కన్ను సరిగ్గా ఉంది, కుంటేది కుడి కాలు.

"ఇలా ఉంచితే కన్ను తప్పు, తిప్పితే కాలు తప్పు," అంది. "ముందు నుయ్యి, వెనక గొయ్యి. మళ్లీ ఎక్కిస్తానన్నా మీరు ఎక్కలేరు బాబాయ్. నేను ఎక్కించను కూడా." డూపు వైపు చూసింది. అతను లేచి టోపీ సవరించుకున్నాడు.

ఈయన పీపా మీద వెనక్కి వాలి, ఉన్న ఒక్క కన్నూ మూసుకున్నారు. నేను బూటు విప్పుతున్నాను. అంత అలసిన ముఖం నేనెప్పుడూ చూడలేదు. ఏదో ఒకటి అని నవ్వించాలనుకున్నాడేమో, గరిటె వంగి అడిగాడు.

"అయినా కెప్టెన్, నీ గుడ్డ ఈ కంటికి ఎప్పుడు మారిందిరా?"

ఈయన కన్ను తెరవలేదు. "ఆ కన్ను ఇన్నేళ్లూ పడుకునే ఉంది. చాకిరీ అంతా దీనిదే. ఇక దీన్ని పడుకోనీ, దాన్ని చూడమను."

మాస్టారు ముందు నవ్వాడు. ఆ తర్వాత లైట్లవాళ్లు. తలుపు దగ్గర కోర్టు బోను మోస్తున్నవాళ్లు కూడా దాన్ని దించి నవ్వారు.

అమ్మాయి నవ్వలేదు. నెమ్మదిగా నడిచి వచ్చింది. "బాబాయ్, ఆ మాట మళ్లీ అనండి."

"ఏ మాట?"

"ఇప్పుడన్నది. గరిటె బాబాయ్, మీరూ మళ్లీ అడగండి. చివర 'రా' తీసేయండి, కెప్టెన్ చాలు. బాబాయ్, మీరు లేవొద్దు, కళ్లు తెరవొద్దు. ఉన్నవాళ్లు ఉన్నట్టే ఉండండి." కెమెరాను చెయ్యి ఊపి పిలిచింది. "ఓడ దిగి వచ్చిన షాట్ తిప్పకుండా ఉన్నదున్నట్టు వాడతాను. దాని వెనకే ఇది. కన్ను మారింది అని జనం అనుకునే లోపే గరిటె బాబాయ్ అడిగేస్తారు."

"మళ్లీనా?" అన్నారు ఈయన.

"కూర్చునే బాబాయ్."

"అయితే సరే."

నన్ను పక్కకు జరగమన్నారు. విప్పిన బూటు కనపడకుండా పీపా వెనక దాచాను. గరిటె అడిగాడు, ఈయన అన్నారు. మొదటిసారి అన్నంత బాగా రాలేదని నాకనిపించింది. ఒక్క ఊపిరి ఎక్కువ తీసుకున్నారు. అయినా చాలన్నారు.

ఆ వెంటనే సుత్తులు పట్టుకుని మనుషులు ఓడ మీదికెక్కారు. డూపు మా దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"నేనిక డ్రెస్ తీసేయొచ్చా సార్?"

"తీసెయ్ నాయనా. పొద్దుటినుంచి ఉడికిపోయావు."

అతను కోటు విప్పి భుజాన వేసుకుని, ఒక పక్క తను, ఒక పక్క గరిటె, ఈయన్ని వ్యాను దాకా నడిపించారు. నేను వెనక సంచులు మోస్తున్నాను. వాళ్లిద్దరి మీదా వేళ్లాడుతూ ఏ కాలూ కుంటకుండా వెళ్లారు.

వ్యానులో వెనక సీటు పొడుగునా పడుకోబెట్టి, మోకాలి కింద దిండు పెట్టాను. కంటిగుడ్డ ఇంకా ఉంది. తియ్యబోతే వద్దన్నారు. కాసేపు నిద్రపోయారనుకున్నాను.

"నడక బాగుందా?" అన్నారు.

"బాగుంది."

"అప్పట్లోలాగే ఉందా?"

"లేదు," అన్నాను. "అప్పుడు కుంటుతున్నట్టు ఉండేది. ఇప్పుడు నిజంగా నొప్పిగా ఉన్నట్టుంది."

"నిజంగానే ఉంది మరి."

"తెలుసు," అని, ఐసు కరిగిన నీళ్లు కిటికీలోంచి పారబోశాను.